మరిడమ్మ ఆరేసిన ఖాకీ బట్టలు

మరిడమ్మ ఉతికిన బట్ట తప్పిపోవడమంటూ ఉండదని మూలరేవులో పేరు. పెళ్లికి వెళ్లినచోట పంచె మారిపోయినా, లాంచీలో తువ్వాలు మరిచిపోయినా, నెల తిరక్కుండా ఏదో ఒక ఊరి చాకలిరేవు నుంచి కబురొచ్చేది. బట్ట లోపలి అంచున నల్లజీడి రసంతో ఆమె వేసిన గుర్తు ఉండేది. గీత వీధికి, చుక్కలు ఇంటికి. ఊరూరికీ పద్ధతి కాస్త మారినా, ఆ పని చేసేవాళ్లెవరైనా రెండు బట్టలు పక్కపక్కన చూస్తే ఒకే మనిషివో కావో చెప్పేస్తారు.

ఆమె పుట్టింది నరసాపురం పక్క. తల్లి లేసు షావుకార్ల ఇళ్లకు లేసు ఉతికేది. తెల్లగా మెరవాల్సిన సరుకు మీద నల్లజీడి పడితే ఇక ఎందుకూ పనికిరాదు. అందుకని ఎవరు అల్లిన ముక్కకు వాళ్ల రంగు దారం ముడివేసి నీళ్లలో ముంచేది. ఒకసారి మరిడమ్మ ఆటగా, ఎవరిదీ కాని పీలికకు ఎర్రదారం ముడేసింది. తల్లి చేతిమీద ఒక్కటిచ్చింది.

“మనిషి లేని గుర్తు వేస్తావుటే? అలా వేస్తే ఉన్నవాళ్లలో ఒకళ్లు తగ్గిపోతారు.”

తల్లి పోయి ఎన్నాళ్లో అయింది. ఆ మాట మాత్రం మరిడమ్మ చేతిలో ఉండిపోయింది. మూలరేవుకు కోడలిగా వచ్చింది, కూతుర్ని కన్నది, పాలకొల్లులో ఇచ్చింది, మొగుణ్ణి జ్వరానికి పోగొట్టుకుంది. ఇన్ని జరిగినా లేని మనిషికి గుర్తు వేయలేదు. మాట తక్కువ మనిషి. ఎవరైనా ఎదురుపడితే మొహం కంటే ముందు వాళ్ల చొక్కా అంచులు చూసేది. మురికి ఎక్కడ పట్టిందో చూస్తే మనిషి ఎక్కడ కూర్చుని వచ్చాడో ఆమెకు తెలిసేది. తెలిసినా బయటికి అనేది కాదు.

ఎనభయ్యారు వరద వచ్చి వెళ్లిన మరుసటేడు ఆ ఊళ్లోకి పోలీసులు దిగారు. పైన ఏజెన్సీ కొండల్లో అన్నల దళాలు తిరుగుతున్నాయి. ఉన్న బలగమంతా కొండలెక్కి అక్కడక్కడా క్యాంపులు వేసుకుంది. వాళ్లకు బియ్యం, పప్పు, కిరసనాయిలు చేరాలి. ఘాట్ రోడ్డులో లారీని ఆపి దించేసుకుంటున్నారని, సరుకును రాజమండ్రి నుంచి మూలరేవు దాకా తెచ్చి, పాత పొగాకు గోడౌనులో పెట్టి, అక్కణ్ణుంచి లాంచీలో ఎగువకు పంపడం మొదలుపెట్టారు. గోదావరి గట్టు మీద ఆ గోడౌనుకు కాపలా ఎవరయ్యా అంటే హెడ్డు చంద్రరావు, ఇద్దరు కానిస్టేబుళ్లు, ఇద్దరు హోంగార్డులు. అంతే.

ఆ అయిదుగురే గోడౌను కాయాలి. ఆ అయిదుగురే లాంచీ మీద సరుకుతో వెళ్లాలి. రేవులో దిగేవాళ్లను చూడాలి, రోడ్డు మీద గేటు వెయ్యాలి. చంద్రరావు వైర్‌లెస్‌లో మనుషుల్ని పంపమని అడిగినప్పుడల్లా ఉన్నవాళ్లతో సర్దుకోమని జవాబొచ్చేది. ఆయన కాకినాడ మనిషి. పొట్టిగా ఉంటాడు, నవ్వితే కళ్లు కనబడవు. సర్దుకోవడంలో ఆయనకు ఆయనే సాటి. ఖాళీ టెంట్లు మూడు వేయించాడు. సాయంత్రం కాగానే వాటిల్లో లాంతర్లు వెలిగించేవాడు. ఒక్కడే నిలబడి ఇద్దరు ముగ్గురి పేర్లు పెట్టి కేకలేసేవాడు. హోంగార్డుల్లో ఒకడైన రాజరత్నం నవ్వు ఆపుకోలేక గోడౌను వెనక్కి పరుగెత్తేవాడు.

ఒకరోజు మరిడమ్మను పిలిపించి పెద్ద మూట ముందు పడేశాడు. విప్పి చూస్తే స్టోరులో మూలపడ్డ పాత యూనిఫారాలు.

“ఇవి మావాళ్లవే. రోజూ ఉతికి గట్టు మీద ఆరెయ్యాలి.”

“ఉతికినవే ఉన్నాయండి ఇవి.”

“ఉతికినవే మళ్లీ తడుపు. నీకేం పోయింది?”

మరిడమ్మ బట్టల్ని చూసింది, టెంట్లను చూసింది. ఆమెకు అర్థమైంది. అవతలి ఒడ్డు నుంచి చూసేవాడికి తాడు మీద ఇన్ని చొక్కాలు కనబడితే ఇంతమంది సిపాయిలున్నారని అనుకోవాలి.

“ఎవరైనా అడిగితే ఏమంటావ్?” అన్నాడు చంద్రరావు.

“నేనేం అనను బాబూ. నన్నెవరూ ఏదీ అడగరు.”

“అదే కావాలి. ఇది నీకూ నాకూ మధ్య మాట. బయటికి పొక్కిందా, ముందు నిన్నే అడుగుతాను.”

“ఆయ్” అంది మరిడమ్మ.

మూట ఇంటికి తెచ్చుకుని ఆలోచనలో పడింది. పదిహేను జతలున్నాయి. గుర్తు లేకుండా నీళ్లలో ముంచడం ఆమెకు చేతకాదు. రేవులో ఒక చొక్కా కొట్టుకుపోతే ఏమని వెతకాలి? పోనీ పదిహేను గుర్తులు వేద్దామంటే మనుషులు అయిదుగురే. లేని పదిమందికి చుక్కలు పెట్టడానికి చెయ్యి రాలేదు. ఉన్న అయిదుగురి గుర్తులే తలా మూడు జతలకు, చొక్కాలకు కాలరు లోపలా లాగులకు నడుం పట్టీ లోపలా వేసి, హమ్మయ్య అనుకుంది. మర్నాటి నుంచి బండ మీద కొట్టి, ఎండకు రంగు వెలవకుండా ఎప్పటిలాగే తిరగేసి తాడు మీద వరసగా ఆరేసింది.

చేతిలో ఒక రహస్యం పడేసరికి మరిడమ్మ లోకం మారిపోయింది. అంతకుముందు గట్టు మీద నడిచేవాళ్లు నడిచేవాళ్లే. ఇప్పుడు ప్రతివాడూ తాడు వైపు చూస్తున్నాడనిపించేది. మజ్జిగ అమ్ముకునే ఆడమనిషి గంప దించుకుని అక్కడే ఎందుకు కూర్చుంది? కిరాణా కొట్టు షావుకారు గారబ్బాయి “మీ పోలీసులు కూరగాయలు మరీ తక్కువ కొంటున్నారే” అని ఎందుకన్నాడు? ఎవరో కొత్తమనిషి నెత్తిమీద మూటతో వచ్చి మంచినీళ్లడిగి, తాగి, తాడు పక్కనే చుట్ట కాల్చుకుని వెళ్లాడు. వాడు ఏ ఊరివాడు? మరిడమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. చూసి, అన్నిటినీ మనసులో మూటగట్టుకుంది.

అలా మూటగట్టుకున్నవాటిలో అబ్బులు కూడా ఉన్నాడు.

అబ్బులు రెండో హోంగార్డు. ఆ ఊరి పల్లెకారుల కుర్రాడే. వాళ్ల వీధి బట్టలు మరిడమ్మే ఉతికేది. పిన్నీ పిన్నీ అంటూ ఇంట్లో మనిషిలా తిరిగేవాడు. అతని మేనమామ ఎగువ ఊళ్లలో చేపలు పట్టి, పడవలో తెచ్చి మూలరేవులో దించేవాడు. ఒకరోజు పొద్దున్న మరిడమ్మ రేవులో నడుం ఎత్తి చూసేసరికి మామా మేనల్లుడూ పడవ చివర కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. అబ్బులు మూడు వేళ్లు చూపించాడు. మామ తల ఊపాడు. తర్వాత ఇద్దరూ గోడౌను వైపు చూశారు. ఆమెతో కళ్లు కలవగానే అబ్బులు వేళ్లు ముడిచేసుకున్నాడు.

“ఏంటి పిన్నీ అలా చూస్తన్నావ్? బండ అరిగిపోయిందా?”

“నీ చొక్కా గుండీ ఊడింది. చూసుకో” అంది.

లాంచీ వెళ్లే రోజున కానిస్టేబుళ్లిద్దరూ దానిమీద వెళ్లిపోతారు. గోడౌను దగ్గర మిగిలేది ముగ్గురే. మూడు వేళ్లు ఆమె మనసులో ముల్లులా ఉండిపోయాయి.

మరుసటి వారం లాంచీ వెళ్లిన రోజునే వాళ్లు వచ్చారు. పొద్దు గుంకుతోంది. మరిడమ్మ తాడు మీంచి బట్టలు తీస్తోంది. చెరుకుతోట లోంచి పదిమంది దాకా వచ్చారు. పరుగెత్తుకుంటూ కాదు, పనికి వెళ్లేవాళ్లలా నడుచుకుంటూ. ముందున్నవాడు టెంట్ల వైపు తల కూడా తిప్పలేదు.

“వాటిల్లో ఎవరూ లేరు, వెతక్కండి. ముగ్గురే” అన్నాడు.

మరిడమ్మ తీసిన చొక్కా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చంద్రరావు తుపాకీ అందుకునేలోపే లాక్కున్నారు. అడ్డం వెళ్లిన రాజరత్నాన్ని తుపాకీ మడమతో కొడితే మణికట్టు విరిగింది. ఇద్దర్నీ గోడౌను స్తంభానికి కట్టేశారు. మోయగలిగినన్ని బియ్యం బస్తాలు, కిరసనాయిలు డబ్బాలు మోసుకుని వచ్చిన దారినే పోయారు. అబ్బులు ఆ సమయానికి రేవులో నీళ్లు తేవడానికి వెళ్లాడు. బిందెతో గట్టెక్కేసరికి అంతా అయిపోయింది.

మూడు వేళ్లు. ముగ్గురే. అబ్బులు అక్కడ లేడు. మరిడమ్మకు ఇంకేం కావాలి?

రాజమండ్రి నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఇంకో జీపులో మరికొందరు. వాళ్లూ ఎక్కణ్ణుంచో కాపలా మాని వచ్చినవాళ్లే, ఎప్పుడు తిరిగి వెళ్దామా అన్నట్టు గడియారాలు చూసుకుంటున్నారు. ఇన్‌స్పెక్టర్ పెద్దగా అరిచే మనిషి కాదు. నెమ్మదిగా అడిగేవాడు. అందుకే ఎక్కువ భయం వేసేది.

“టెంట్లు ఖాళీ అని వాళ్లకెలా తెలుసు? లోపలివాళ్లెవరో చెప్పారు. ఎవరు?”

మజ్జిగ అమ్మే ఆమెను అడిగారు, షావుకారు గారబ్బాయిని అడిగారు. ప్రతివాళ్లూ ఇంకొకళ్ల వైపు చూశారు. చివరికి మరిడమ్మ వంతు వచ్చింది.

“నేనెవరికీ చెప్పలేదయ్యగారూ.”

“నువ్వు చెప్పావని ఎవరన్నారు? ఎవరైనా ఎవరితోనైనా మాట్లాడ్డం చూశావా?”

ఆమెకు చెప్పాలని లేదు. అలాగని చెప్పకుండా ఉండేంత ధైర్యమూ లేదు. పైగా ఆమె నిజంగానే నమ్మింది. నేల చూస్తూ పడవ సంగతి చెప్పింది. వేళ్ల సంగతి చెప్పింది.

వెంటనే అబ్బుల్ని గోడౌను పక్కగదిలో కూర్చోబెట్టారు. మర్నాడు మధ్యాహ్నం రాజమండ్రి తీసుకెళ్తామన్నారు. అలా తీసుకెళ్లినవాళ్లు ఆ రోజుల్లో కొందరు కుంటుతూ వచ్చేవారు. కొందరి గురించి, అడవిలో ఎదురుకాల్పులు జరిగాయని మాత్రం తెలిసేది.

తెల్లవారగానే అబ్బులు పెళ్లాం రత్తమ్మ మరిడమ్మ గుమ్మంలోకి వచ్చింది. జుట్టు ముడి కూడా సరిగ్గా లేదు.

“పిన్నీ, ఎవరో చూసి చెప్పారంట. నువ్వు రేవులోనే ఉంటావు కదా, ఎవరో తెలుసా నీకు?”

మరిడమ్మ బట్టలు నానబెట్టడానికి బానలో చౌడుమట్టి కలుపుతోంది. చెయ్యి ఆగలేదు.

“నాకేం తెలుసే.”

“మావాడు మావయ్యతో మాట్లాడాడంట. మాట్లాడకేం చేస్తాడు? మావయ్య చేపలు తెస్తాడు, వీడు మూడు గంపలు పక్కన పెట్టించి లాంచీ వాళ్లకు అమ్మిస్తాడు. హెడ్డుగారికి తెలిస్తే డ్యూటీలో బేరాలేంట్రా అని తిడతాడని చాటుగా మాట్లాడుకుంటారు. ఆ చూసిన మహాతల్లి ఎవరోగానీ, దాని కళ్లు...”

తిట్టు మధ్యలో ఆగిపోయింది. రత్తమ్మ మరిడమ్మ మొహంలోకి చూసింది. గుమ్మం మీంచి కాలు వెనక్కి తీసుకుని, చీర కొంగు బిగించుకుని వెళ్లిపోయింది.

మూడు గంపలు. మరిడమ్మ నమ్మిందా, నమ్మలేదా? పెళ్లాం కదా, అలాగే చెబుతుంది అనుకుంది. అనుకున్నా మనసు కుదటపడలేదు. పని చేస్తే నయమని యూనిఫారాలు తడిపి గట్టుకు తీసుకెళ్లింది. ఆరెయ్యొద్దని ఎవరూ చెప్పలేదు మరి. చంద్రరావు ఎవరికీ ఏమీ చెప్పడం లేదు.

తాడు సగం నిండేసరికి చిన్నబ్బాయి వచ్చాడు. చిన్నబ్బాయి ఆమె మొగుడికి పినతండ్రి కొడుకు. కింద ఊళ్లో చాకలిరేవు చూసుకుంటాడు. దోపిడీ కబురు విని పలకరించడానికి వచ్చాడు. ఒక చుట్ట వెలిగించుకుని, తాడు పొడుగునా నడుచుకుంటూ, పరధ్యానంగా ఒక్కొక్క కాలరూ వేలితో తడుముకుంటూ వచ్చాడు.

“అదేంటి వదినా, ఊరంతా పదిహేను మంది పోలీసులు పదిహేను మంది పోలీసులు అని ఊదరగొడతన్నారు. నీకు ఉన్నది అయిదు గడపలేగా?”

మరిడమ్మ చేతిలోని లాగు కిందపడింది.

“ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరు చెప్పడమేంటి? తిరగేసి ఆరేశావు, గుర్తులు మొహమ్మీదే ఉన్నాయి. ఇదిగో ఇదీ, ఇదీ, ఆ మూలదీ ఒకళ్లవే. గుడ్డోడైనా చెబుతాడు.”

“గట్టిగా మాట్లాడకు. ఇంకెవరితోనైనా అన్నావా ఈ మాట?”

“నేనిప్పుడేగా చూసింది! ఏంటి వదినా, మొహం అలా అయిపోయింది?”

ఆమె అతని మొహం వంక చాలాసేపు చూసింది. వీడేనా? కాదు, వీడైతే ఇలా అనడు. ఏమో, వీడైనా కావచ్చు. మూటతో వచ్చి మంచినీళ్లు తాగినవాడు కావచ్చు. వాడి నెత్తిమీది మూట ఏ మూట? ఎగువ ఊళ్లలోనూ చాకలిరేవులున్నాయి. అయిదుగురని తెలిస్తే, లాంచీ మీద వెళ్లిన ఇద్దర్ని తీసేసి ముగ్గురే అనుకోవడం ఎంతసేపు? ఎవరు చదివినా, చదవమని తాడు మీద పెట్టింది మాత్రం తనే. తను ఒక్క ముక్క ఎవరికీ చెప్పలేదు. చెయ్యి చెప్పేసింది.

“చిన్నబ్బాయ్, నువ్వు ఇప్పుడే ఇంటికెళ్లిపో. గట్టు మీదగా వద్దు, పొలాల్లోంచి వెళ్లు. నువ్విటు రాలేదు, నేను నిన్ను చూడలేదు.”

అతను వెళ్లాక తాడు మీది బట్టలన్నీ తడిగానే లాగి మూట కట్టింది. గోడౌను దగ్గర జీపు ముందు వేపచెట్టు నీడలో ఇన్‌స్పెక్టర్ భోజనం చేస్తున్నాడు. కాస్త దూరంలో రత్తమ్మ నేలమీద కూర్చుని ఉంది. చంద్రరావు ఎదురొచ్చాడు.

“ఎక్కడికి?”

“అయ్యగారితో మాట్లాడాలండి. ఈ చొక్కాలు చూపించాలి. అబ్బులు చెప్పలేదు బాబూ. వీటి గుర్తులు చూసి తెలుసుకున్నారు. తలా మూడేసి ఉన్నాయి.”

చంద్రరావు మూట వైపు చూశాడు. ఆయన కళ్లు చిన్నవయ్యాయి, నవ్వు మాత్రం రాలేదు. ఒక చొక్కా తీసి, కాలరు చూసి, ఇంకోటి తీశాడు. అర్థం కావడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు.

“సరే, ఇలా ఇవ్వు. నేను చూపిస్తాను.”

ఆయన వెనక వంటపొయ్యి భగభగ మండుతోంది. మరిడమ్మ ఆ మంటను చూసింది. ఈ బట్టల ఎత్తు ఆయనదే. ఎత్తు బెడిసికొట్టిందంటే పైవాళ్లు ఆయన్నడుగుతారు. అబ్బులు చెప్పాడంటే ఎవరూ ఏమీ అడగరు. తడిబట్టలు మండవు, నిజమే. కానీ పొయ్యి ఆరిపోయేది కాదు.

“నేనే తెస్తానండి. బరువు.”

“ఇవ్వమంటున్నానా!”

“తడివండి, మీ బట్టలు పాడవుతాయి” అంటూ ఆమె మూటను రెండు చేతులా గుండెకు పట్టుకుని ఆయన పక్కనుంచి నడిచింది. ఆయన చెయ్యి చాచాడు గానీ, అప్పటికే ఇన్‌స్పెక్టర్ తలెత్తి చూస్తున్నాడు.

ఇన్‌స్పెక్టర్ అంతా విన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు.

“నిన్న నువ్వే కదమ్మా అతని పేరు చెప్పింది? ఇవాళ కాదంటున్నావు. ఈలోపు అతని ఇంటివాళ్లు వచ్చి నీతో మాట్లాడారా?”

“రత్తమ్మ వచ్చిందండి.”

“చూశావా?”

“ఆ పిల్ల చెప్పమని చెప్పలేదండి. బట్టల్ని చూడండి.”

“నాకు అన్నీ చుక్కల్లాగే ఉన్నాయి. వీటిని చూసి మనుషుల్ని లెక్కపెట్టొచ్చని నీకు ఎవరు చెప్పారు?”

చిన్నబ్బాయి పేరు నాలిక చివర దాకా వచ్చింది. మింగేసింది.

“ఈ పని చేసేవాళ్లు ఎవరైనా చెబుతారండి.”

“ఎవరైనానా? అయితే సరే.”

జీపు పంపించాడు. పై ఊరి నుంచి లోవరాజు అనే, బట్టలుతికే ముసలాయన్ను ఎక్కించుకొచ్చారు. అరవై దాటినవాడు. తనను ఎందుకు తెచ్చారో ఆయనకు తెలియదు. ఇన్‌స్పెక్టర్ ఒక కాలరు ముందు పెట్టాడు.

“ఇది చదవగలవా?”

“నాకు చదువు రాదు బాబూ.”

“చదువు కాదు. ఈ గుర్తు. ఎవరిదో తెలుస్తుందా?”

లోవరాజు ఖాకీని చూశాడు, చుట్టూ తుపాకుల్ని చూశాడు. ఈ గుర్తు తెలుసంటే తనను ఏ కేసులో ఇరికిస్తారో!

“నాకేం తెలీదు బాబూ. ఇలాంటివి ఎప్పుడూ చూళ్లేదు. మా రేవులో గుర్తులే వెయ్యం.”

చంద్రరావు ఊపిరి వదలడం మరిడమ్మకు వినిపించింది. ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు జాలిగా చూసి, “ఎక్కించండి అతన్ని” అన్నాడు. ఇద్దరు పక్కగదిలోంచి అబ్బుల్ని తెచ్చి జీపు వెనక ఎక్కించారు. అతని చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి. రత్తమ్మ లేచి నిలబడింది. ఏడవలేదు. మరిడమ్మనే చూస్తోంది.

మరిడమ్మ మూట విప్పి మొత్తం బట్టలు లోవరాజు కాళ్ల ముందు కుమ్మరించింది.

“బాబాయ్, నీ పని అయిపోయిందిగానీ, నాకో సాయం చేసిపెట్టు. బట్టలన్నీ కలిసిపోయాయి. వీళ్లు బయలుదేరేలోగా ఎవరివి వాళ్లకి ఇచ్చెయ్యాలి. నాకు చేతులాడ్డం లేదు. కాస్త వేరుచెయ్యవూ?”

ముసలాయనకు ప్రాణం లేచొచ్చింది. ఎవరూ తన వంక చూడ్డం లేదు. అడిగింది పని. గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి దానంతటదే కాలరు మడత విప్పింది, బొటనవేలు చుక్క మీద ఒక్కసారి ఆగింది, చొక్కా ఎడమవైపు పడింది. రెండోది కుడివైపు. మూడోది ముందుకు. “తడివి ఎవరైనా మూటగడతారటమ్మా, ముక్కిపోయిన వాసనొస్తాయి” అని గొణుగుతూనే ఉన్నాడు. చేతులు ఆగలేదు, ఒక్కసారి కూడా తడబడలేదు.

ఇన్‌స్పెక్టర్ జీపులో కాలు పెట్టబోతూ ఆగాడు. వెనక్కి వచ్చి ముసలాయన వెనక నిలబడ్డాడు. ఆఖరి లాగు కూడా చేరాల్సినచోట చేరింది. నేలమీద అయిదు కుప్పలు. ఏ కుప్పలో చూసినా మూడేసి చొక్కాలు, మూడేసి లాగులు.

“అయిపోయిందమ్మా” అన్నాడు లోవరాజు. వెనకున్న బూట్లు చూసి చటుక్కున లేచి నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టర్ వంగి కుప్పలు లెక్కపెట్టాడు. “ఈ బట్టలు ఎవరు ఆరెయ్యమన్నారు?” అని అడిగాడు. మరిడమ్మ చెప్పనక్కర్లేకపోయింది. చంద్రరావు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“ఉన్న మనుషులు సరిపోలేదు సార్” అన్నాడు.

“నాకు మాత్రం సరిపోతున్నారా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్. తర్వాత జీపు వైపు తిరిగి, “విప్పండి” అన్నాడు. అబ్బులికి హోంగార్డు పని మాత్రం ఇక ఉండదని అక్కడే చెప్పేశాడు. అనుమానం పడ్డ మనిషిని మళ్లీ కాపలా పెట్టలేరట.

అబ్బులు కిందికి దిగి మణికట్లు రుద్దుకున్నాడు. ఒక కన్ను వాచి ఉంది.

“నామీద చెప్పిందెవరు సార్?”

ఇన్‌స్పెక్టర్ వినిపించుకోనట్టు జీపెక్కాడు. ఎవరూ చెప్పేలా లేరు. చెప్పకపోతే అది అలాగే ఉండిపోతుంది. రత్తమ్మకున్నది అనుమానమేగానీ రుజువు కాదు. మరిడమ్మ ఇదంతా తడిచీర పిండినంతసేపు ఆలోచించింది.

“నేనేరా.”

అబ్బులు ఆమె వంక తిరిగాడు.

“చూశాను. చెప్పాను. మూడు వేళ్లు చూపించావుగా.”

“చేపలు పిన్నీ అవి.”

“ఇప్పుడు తెలిసింది.”

“గుండీ ఊడిందని నాతో అన్నావు. ఇదీ నాతోనే అనొచ్చుగా? ఎవరితో ఏం మాట్లాడతన్నావురా అని ఒక్క మాట అడిగితే సరిపోను.”

అడగడం ఆమెకు ఎప్పుడూ రాలేదు. చూడటమే వచ్చు.

“పద” అంది రత్తమ్మ అతని చెయ్యి పట్టుకుని. “ఇంకా ఏం మాటలు?”

గోడౌను నుంచి ఊళ్లోకి గట్టుబాట ఒక్కటే. ఇద్దరూ ముందు నడిచారు. మరిడమ్మ ఖాళీ చేతులతో వెనక బయలుదేరింది. వాళ్లను దాటి వెళ్లడం ఇష్టంలేక అడుగు చిన్నది చేసింది. అయినా అబ్బులు దెబ్బలు తిని నెమ్మదిగా నడుస్తుండటంతో మధ్యలో దూరం తరుగుతూనే ఉంది. తూము దగ్గరికి వచ్చేసరికి అతను రత్తమ్మ చెయ్యి వదిలి ఆగాడు. వెనక్కి తిరగలేదు. కాలికి ఏదైనా గుచ్చుకుని ఆగాడో, నొప్పికి ఆగాడో, తన కోసమే ఆగాడో వెనకనుంచి చూస్తే తెలియడం లేదు. చూస్తూ నిలబడితే ఎప్పటికీ తెలియదు.

“అబ్బులూ, ఎందుకాగావురా?” అని అడిగింది మరిడమ్మ.